డీజే బండి మీద పనిచేసేటోని ప్రశ్న: మొదటి రికార్డు తనది కాకపోయినా అమెరికా డీజే ఫ్రాంకీ నకల్స్‌ను హౌస్ మ్యూజిక్‌కు (క్లబ్బులల్ల ఆడేటందుకు చేసిన సంగీతం) గాడ్‌ఫాదర్ అని ఎందుకంటరు?

నల్లగొండ_బేస్:

అన్నలు, అక్కలు, నమస్తే. నాది నల్లగొండ, పానగల్లు దిక్కు. నాలుగేండ్ల సంది డీజే బండి మీద పని చేస్తున్న. మొదట్ల జనరేటర్ల డీజిల్ పోసుడు, వైర్లు సుట్టుడు, బేస్ డబ్బాలు ఎక్కించుడు దించుడు. ఏడాది సంది మా ఓనరన్న ల్యాప్‌టాప్ కాడ నిలబెడుతున్నడు. బరాత్‌లు, బోనాలు, నిమజ్జనం, చెర్వుగట్టు జాతర, అన్నిటికి పోతం.

పోయిన నెల హాలియల ఒక బరాత్. పెండ్లిపిల్లగాని దోస్తు ఒకాయన హైదరాబాద్ నుంచి వచ్చిండు. పెన్‌డ్రైవ్ ఇచ్చి "ఇండ్ల హౌస్ ఉన్నది, ఒక్కటన్న ఎయ్యి తమ్మి" అన్నడు. ఏసిన. ధన్ ధన్ ధన్ ధన్ అని ఒకటే దెబ్బ. పాట ఎప్పుడు మొదలైతదా అని అందరు నిలబడి నా దిక్కే చూస్తున్నరు. అర నిమిషం కాలే, పెండ్లిపిల్లగాని మేనమామ బండెక్కి వచ్చి "తీన్మార్ ఎయ్‌రా" అని ఒర్లిండు. మార్చిన. మల్ల అందరు ఎగిరిన్రు.

రాత్రి రెండు గంటలకు ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకొని అదే ట్రాక్ మల్ల విన్న. మూడు నిమిషాల దాంక ఏం అనిపియ్యలే. నాలుగో నిమిషంల ఏమైందో తెల్వదు, బంద్ చేయబుద్ధి కాలే. తెల్లారేదాంక విన్న. ఫైల్ మీద ఫ్రాంకీ నకల్స్ అని పేరుంది. అప్పటిసంది ఆయన గురించి దొరికిందల్లా చదువుతున్న.

నాకు సమజ్ కాంది ఏందంటే, హౌస్‌ల మొదటి రికార్డు 1984ల వేరేటోళ్లు చేసిన్రు అంటరు. మరి ఈయన గాడ్‌ఫాదర్ ఎట్లయిండు? పాటలు రాయకుండ, పాడకుండ, వేరేటోళ్ల రికార్డులు వాయించినాయన్ని ప్రొడ్యూసర్, అంటే రికార్డు తయారుచేసేటోడు, అని ఎట్లంటరు? ఇగ ఆఖరిది, ఇదే నాకు ముఖ్యం. ఆయన చేసిన పనిల నాలాంటోనికి, రోడ్డు మీద బండి నడిపేటోనికి, నేర్సుకునేది ఏమన్న ఉన్నదా? తెల్సినోళ్లు దయచేసి చెప్పుండ్రి.

వనపర్తి_సింథ్:

తమ్ముడూ, మంచి ప్రశ్న. ముందు తారీఖులు సరిచేసుకుందాం, అప్పుడు సగం చిక్కు దానంతటదే విడిపోతుంది.

ఆయన అసలు పేరు ఫ్రాన్సిస్ వారెన్ నికల్స్. 1955 జనవరి 18న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టాడు. చిన్ననాటి స్నేహితుడు లారీ లెవాన్‌తో కలిసి అక్కడి క్లబ్బుల్లో రికార్డులు వాయించడం మొదలుపెట్టాడు. చికాగోలో కొత్త క్లబ్ పెడుతున్న రాబర్ట్ విలియమ్స్ ముందుగా లెవాన్‌నే పిలిచాడు. అతను రానన్నాడు, ఆ చోటు ఫ్రాంకీకి వచ్చింది. అది 1977. క్లబ్ పేరు వేర్‌హౌస్. దక్షిణ జెఫర్సన్ వీధిలో 206వ నంబరు భవనం.

ఆ ఊళ్లో ఇంపోర్ట్స్ ఎట్సెట్రా అని ఒక రికార్డుల దుకాణం ఉండేది. శనివారం రాత్రి వేర్‌హౌస్‌లో విన్న రికార్డు కావాలని జనం వచ్చి అడిగేవాళ్లు. దుకాణం వాళ్లు ఆ రికార్డుల మీద 'వేర్‌హౌస్‌లో వాయించేవి' అని చీటీ పెట్టారు. పోను పోను అందులో 'హౌస్' ఒక్కటే మిగిలింది. పేరు గురించి వేరే కథలూ చెబుతారు కానీ ఎక్కువమంది ఒప్పుకునేది ఇదే. అంటే హౌస్ అనే పేరుతో కొత్తగా రికార్డు అచ్చవ్వడానికి ముందే ఆ పేరు ఆయన గది నుంచి వచ్చింది. నీ మొదటి ప్రశ్నకు జవాబు అది.

1984లో వచ్చిన ఆ మొదటి రికార్డు జెస్సీ సాండర్స్, విన్స్ లారెన్స్‌లది. దాన్ని తక్కువ చేయకూడదు. ఫ్రాంకీ ఒక్కడే అంతా కనిపెట్టాడని ఎవరైనా అంటే ఒప్పుకోకు. 1982 చివర్లో ఫ్రాంకీ వేర్‌హౌస్ వదిలి పవర్ ప్లాంట్ అని సొంత క్లబ్ పెట్టుకున్నాక, విలియమ్స్ మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్‌లో రాన్ హార్డీ అనే డీజేని పెట్టాడు. హార్డీ ఇంకా వేగంగా, ఇంకా మొరటుగా వాయించేవాడు. చికాగో కుర్రాళ్లు చాలామంది తమ టేపులు తెచ్చి ఇచ్చింది అతనికే. మార్షల్ జెఫర్సన్ పోస్టాఫీసులో పనిచేస్తూ రికార్డులు చేశాడు. లారీ హర్డ్ అయితే నా లెక్కలో అందరికంటే లోతైనవాడు.

ఇంకొక మాట. ఫ్రాంకీ పేరు చెప్పగానే అందరూ తలచుకునే 'యువర్ లవ్' రాసింది, పాడింది జేమీ ప్రిన్సిపుల్. అది అచ్చవ్వకముందే టేపుల మీద చికాగో అంతా తిరిగింది. ఫ్రాంకీ దానికి రూపం ఇచ్చాడు, 1987లో రికార్డు మీద ఆయన పేరే పడింది. ఆ పాట వింటే జేమీ పేరు కూడా తలచుకో, అది మన బాధ్యత.

జడ్చర్ల_సౌండ్:

తమ్మి, వనపర్తి సారు తారీఖులు మంచిగ చెప్పిండు. నేను నీ రెండో ప్రశ్నకు, మూడో ప్రశ్నకు చెప్త. కొంచెం పొడుగైతది, ఓపికతోని చదువు.

నాకిప్పుడు 52 ఏండ్లు. టెన్త్ తప్పినంక మహబూబ్‌నగర్‌ల, న్యూటౌన్ దిక్కు ఒక క్యాసెట్ల రికార్డింగ్ సెంటర్‌ల చేరిన. మీ ఈడోళ్లకు తెల్వదేమో. జనం కాయితం మీద పాటల లిస్టు రాసుకొస్తరు, మేం ఖాళీ క్యాసెట్‌ల ఎక్కించి ఇస్తం. అరవై నిమిషాలది ఒక రేటు, తొంభైది ఒక రేటు. రెండు డెక్కుల టేప్ రికార్డర్, రెండు స్పీకర్లు, గోడ నిండ క్యాసెట్లు.

ఒక ఏడాది వినాయక చవితి ముందు ఒక గల్లీ పిల్లగాండ్లు వచ్చిన్రు. ఒక పాట మొదట్ల డప్పు ఉంటది, అటు ఇటు పదిహేను సెకండ్లు. "అన్నా, మాకు ఆ డప్పే గావాలె, అది అయిపోంగనే మా ఆట పోతున్నది" అన్నరు. నేనేం జేసిన? ఒక డెక్‌ల అసలు క్యాసెట్, ఇంకో డెక్‌ల ఖాళీది. డప్పు అయిపోంగనే పాజ్ ఒత్తుడు, అసల్ది ఎనుకకు తిప్పుడు, దెబ్బ పడే గడియ చూసి పాజ్ ఇడుసుడు. అట్ల పదకొండు సార్లు. ఒక్కసారి ఏలు జర ఆలస్యమైతే నడక ఇరుగుతది, మల్ల మొదటి నుంచి. పొద్దుగాల కూసుంటే దీపం పెట్టే యాళ్లకు మూడు నిమిషాల డప్పు తయారైంది. ఆ గల్లీ పిల్లగాండ్లు నిమజ్జనం నాడు దాన్నే తిప్పి తిప్పి ఏసుకున్నరు. నేను ఎంబడి నడిచిన. జీవితంల నాకు అంత సంతోషమైన రోజులు తక్కువ.

ఐదారేండ్లకు పని కోసం బొంబాయి పోయిన. మా పాలమూరోళ్లందరు పోయినట్టే. మట్టిపనికి కాకుండ, స్పీకర్లు మోసే పని దొరికింది. ఒకనాడు పెద్ద హాల్‌ల సౌండ్ సెట్ చేస్తుంటే అక్కడి ఇంజనీర్ ఒక సీడీ పెట్టిండు. పిల్లనగ్రోవి లెక్క సన్నగ ఒక ఈల, కింద మెత్తటి బేస్, ఎక్కడ తొందర లేదు. డబ్బా మోస్తున్నోణ్ని కింద పెట్టి నిలబడ్డ. పేరు అడిగితే 'ద విజిల్ సాంగ్', ఫ్రాంకీ నకల్స్, 1991 అన్నడు. ఆ ఇంజనీర్ దగ్గర్నే ఫ్రాంకీ కథ మొదటిసారి విన్న. వేర్‌హౌస్‌ల ఉన్నప్పుడు ఆయన రీల్ టేపును బ్లేడుతోని కోసి, ముక్కలు అంటించి, పాటల ఆడబుద్ధయ్యే జాగను పొడుగు చేసేటోడట. సౌండ్ ఇంజనీరింగ్ తెల్సిన ఎరాస్మో రివేరా అనే దోస్తు తోడుండె. నేను రికార్డింగ్ సెంటర్‌ల పాజ్ బటన్‌తోని చేసింది, ఆయన అక్కడ బ్లేడుతోని చేసిండు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలే.

ఆయన అట్ల ఎందుకు చేయాల్సొచ్చిందో తెల్సుకో తమ్మి, మొత్తం ముచ్చట అండ్లనే ఉన్నది. 1979 తర్వాత అమెరికల పెద్ద కంపెనీలు డిస్కోను ఇడిసిపెట్టినయ్. కొత్త రికార్డులు వచ్చుడు తగ్గింది. శనివారం రాత్రి మాత్రం ఆడెటోళ్లు వస్తనే ఉన్నరు, తెల్లారి ఆదివారం పగటిదాంక ఆడుతరు. వేర్‌హౌస్‌ల మందు అమ్ముడు లేదు, పండ్ల రసాలే. నిషా ఎక్కిచ్చేది పాటే గావాలె. కొత్త సరుకు లేదు, ముందట జనం ఉన్నరు. ఉన్న పాత రికార్డునే ఇప్పి, మల్ల కుట్టి, కొత్తగ ఇచ్చిండు. తర్వాత పవర్ ప్లాంట్‌ల డ్రమ్ మిషన్ తెచ్చి పాత పాటల కింద దాని దెబ్బ కలిపిండు. ఆ మిషన్ రోలాండ్ 909, డెట్రాయిట్ నుంచి వచ్చిన డెరిక్ మే అనే పిల్లగాని దగ్గర కొన్నడు. ఆ పిల్లగాడు తర్వాత టెక్నో అనే ఇంకో మిషన్ల డ్యాన్స్ సంగీతానికి పెద్ద పేరైండు.

నువ్వు అడిగినవ్ చూడు, పాట రాయనోడు ప్రొడ్యూసర్ ఎట్లయితడని. ఆయన న్యూయార్క్‌ల బట్టల డిజైన్ చదువుకున్నోడు. గద్వాల చీర చూసినవా? నడుమ నూలు, అంచు పట్టు. నూలు నేసుడు, పట్టు నేసుడు ఇద్దరికీ వస్తది. ఆ రెండింటిని అతుకు కనపడకుండ కలిపేటోని చెయ్యి వేరు. ఫ్రాంకీ చెయ్యి అది. న్యూయార్క్‌కు మల్ల పోయినంక డేవిడ్ మొరాలెస్ తోని కలిసి డెఫ్ మిక్స్ అనే జట్టుల చేసిన రీమిక్సులు, అంటే ఉన్న పాటకు కొత్త నడక కట్టినయ్, విను. చాకా ఖాన్, మైకేల్ జాక్సన్, టోనీ బ్రాక్స్‌టన్, అందరి గొంతులు ఆయన చేతుల నుంచి పోయినయ్. గొంతును ఏడ కూడ తొక్కడు. కింద నడక మారుస్తడు, పియానో పెడతడు, ఊపిరి తీసుకునే జాగ ఇస్తడు. గ్రామీ అని అమెరికల పెద్ద సంగీత అవార్డులల్ల రీమిక్స్ చేసేటోళ్లకు అవార్డ్ పెట్టిన మొదటిసారి, 1998ల, అది ఆయనకే వచ్చింది.

ఇగ నీ బండి సంగతి. హాలియల జనం ఆగిపోయింది హౌస్ తప్పు గాదు, జనం తప్పు గాదు. హౌస్ దెబ్బ నాలుగు నాలుగుగ నడుస్తది, అన్ని దెబ్బలు ఒక్కతీరు. తీన్మార్ మూడు మూడుగ దొర్లుతది, దాని పేర్లనే ఉన్నది. బీపీఎం, అంటే నిమిషానికి పడే దెబ్బల లెక్క, ఒక్కటి చేసి ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే కాళ్లు తడబడ్తయ్. ఆయన పాటలు తెచ్చి మన రోడ్డు మీద ఎయ్యాలని చూడకు. ఆయన పని చేసిన తీరు తీసుకో. మీ బండి ముందట జనం ఏ జాగకు ఎక్కువ ఎగురుతున్నరో చూడు, పాటల ఆ జాగ ఒక్కటే పట్టుకో, దాన్ని పొడుగు చెయ్యి. ఇప్పుడు మీరు నిమిషంన్నరకు ఒక పాట మారుస్తున్నరు. ఆట కుదిరేలోపల తెంపుతున్నరు. నేను చూసిన ప్రతి బరాత్‌ల ఇదే బాధ.

నీకు ఎఫ్ఎల్ స్టూడియో, పాటలు కోసి కలిపే సాఫ్ట్‌వేర్, ఉంటది గద? పదహారు దెబ్బల డప్పు కోసి లూప్ చెయ్యి. మూడు నిమిషాలు నడువని. పాట లేదు, మాట లేదు. మధ్యల ఒక్కసారి బేస్ మొత్తం తీసెయ్, పైన చిర్ర దెబ్బ ఒక్కటే ఇననియ్. ఎనిమిది లెక్కపెట్టి బేస్ మల్ల ఇడువు. ఏమైతదో నాకు రాయి.

మా ఇల్లు జడ్చర్ల రైలుపట్టాల పక్కనే. వేర్‌హౌస్‌ల లైట్లన్ని ఆర్పి, రైలు పోతున్న చప్పుడు ఒక మూల స్పీకర్ నుంచి ఇంకో మూలకు పంపేటోడంట ఫ్రాంకీ, జనం చీకట్ల కేకలు పెట్టేటోళ్లంట. రాత్రి గూడ్స్ పోయినప్పుడల్లా నాకు ఆ ముచ్చటే యాదికొస్తది.

డప్పు_మనుమడు:

జడ్చర్ల అన్న డప్పు అన్నడు గాబట్టి రాస్తున్న. నాది దేవరకొండ దిక్కు. మా తాత డప్పు కొట్టెటోడు. ఊర్ల చావు అయితే పిలుపు, పండుగైతే పిలుపు, దండోరకు పిలుపు. పని అయినంక వాకిట్లనే నిలబెట్టి ఇచ్చేది ఇచ్చెటోళ్లు, ఇంట్ల అడుగు పెట్టనియ్యకపోయేది. మా నాయన చిన్నగున్నప్పుడు తాత ఎంబడి పోయి ఆ వాకిండ్ల నిలబడ్డడు, ఇప్పటికి చెప్తడు. ఇయ్యాల అదే డప్పు లేకుండ ఒక్క బరాత్ నడువది.

వేర్‌హౌస్‌ల ఎవరు ఆడిన్రు అన్న ముచ్చట ఇక్కడ ఎవరు రాయలే. అక్కడికి వచ్చెటోళ్లు ఎక్కువమంది నల్లజాతి మగపిల్లగాండ్లు, మగోళ్లను ప్రేమించే మగోళ్లు. లాటిన్ అమెరికా నుంచి వచ్చిన కుటుంబాలోళ్లు కూడ. బయట ఏడ రానియ్యనోళ్లు. ఫ్రాంకీ కూడ వాళ్లల్ల ఒకడు.

1979 జూలై 12న చికాగోల కమిస్కీ పార్క్ అని బేస్‌బాల్ స్టేడియంల ఏమైందో చదువుండ్రి. డిస్కో రికార్డు ఒకటి తెస్తే 98 సెంట్లకే టికెట్ అన్నరు. డిస్కో నచ్చనోళ్లు ఆ రికార్డులు కుప్ప పోసి బాంబు పెట్టి పేల్చిన్రు. జనం గ్రౌండ్ మీదికి ఉరికితే రెండో ఆట రద్దయింది. ఆ రాత్రి ఆ స్టేడియంల సీట్లు చూపించే పనికి ఉన్న నల్లజాతి పిల్లగాడు విన్స్ లారెన్స్. వనపర్తి సారు పైన చెప్పిన 1984 రికార్డుల పేరున్న ఆ విన్స్ లారెన్సే. జనం తెచ్చిన రికార్డుల్ల డిస్కో కానివి కూడ మస్తు ఉండె, నల్లోళ్లు పాడితే చాలు తెచ్చిన్రు అని ఆయన తర్వాత చెప్పిండు. అక్కడ పని చేసి కూడబెట్టిన పైసలు సింథసైజర్ కొనుడుకే అని కూడ చెప్పిండు.

నేను ఇది చదివినప్పుడు మా నాయనకు చదివి ఇనిపించిన. మా నాయన ఏం మాట్లాడలే. లోపలికి పోయి తాత డప్పు దించి దుమ్ము తుడిచిండు.

నల్లగొండ తమ్మి, నువ్వు లూప్ చేసే డప్పు యాడి నుంచో కోసిన శాంపిల్ కాకుండ, కొట్టెటోళ్లను పిలిచి, పైసలిచ్చి రికార్డు చేసుకో. పేరు కూడ ఎయ్యి. జేమీ ప్రిన్సిపుల్ సంగతి చదివినవ్ గద.

నకిరేకల్_అక్క:

నేను నకిరేకల్ పిల్లనే, పదేళ్లుగా చికాగో దగ్గర ఉంటున్నా. ఈ చర్చ చదివి ఆగలేక రాస్తున్నా.

206 సౌత్ జెఫర్సన్ ఇప్పటికీ ఉంది. యూనియన్ స్టేషన్‌లో దిగితే నడిచిపోయే దూరమే. మూడంతస్తుల పాత ఇటుకల బిల్డింగ్, చూస్తే ఏమీ ప్రత్యేకంగా అనిపించదు. చుట్టూ పెద్ద పెద్ద ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు లేచాయి. దీన్ని కూడా కూలుస్తారేమోనని చాలామంది సంతకాలు పెట్టి కొట్లాడారు. 2023లో నగరం దాన్ని అధికారికంగా చారిత్రక కట్టడంగా గుర్తించింది. ఆ వీధికి 2004లోనే ఫ్రాంకీ పేరు పెట్టారు. అప్పుడు రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న బరాక్ ఒబామా దానికి సాయం చేశారు. గోధుమరంగు బోర్డు మీద ఆయన పేరు చూసి నేను ఫోటో తీసుకున్నా.

ఆయన రికార్డుల గురించి కూడా చెప్పాలి. ఐదు వేల దాకా ఉన్న ఆయన సొంత రికార్డులు నగరం దక్షిణాన స్టోనీ ఐలాండ్ ఆర్ట్స్ బ్యాంక్ అనే చోట భద్రంగా పెట్టారు. మూతపడ్డ బ్యాంకును థియాస్టర్ గేట్స్ అనే కళాకారుడు బాగుచేయించి అలా మార్చాడు. మనదగ్గర ఒగ్గుకథ చెప్పేవాళ్లవి, జడ్చర్ల అన్న లాంటివాళ్లు చేసిన క్యాసెట్లు ఎక్కడున్నాయో ఎవరికైనా తెలుసా? మా ఇంట్లో బతుకమ్మ పాటల క్యాసెట్ ఒకటుండేది, మా అమ్మమ్మ గొంతు కూడా ఉంది అందులో. అటక మీద పెట్టాం, ఎలుకలు కొరికేశాయి.

ఫ్రాంకీ ఆఖరి రోజులు కష్టంగా గడిచాయి. షుగర్ వ్యాధి, దానికి తోడు పాత దెబ్బ. 2008లో ఒక పాదం తీసేశారు. అయినా వాయించడం మానలేదు. 2014 మార్చి 31న చికాగోలో పోయాడు. ఆ ముందు వారాంతమే లండన్ వెళ్లి వాయించి వచ్చాడు. 59 ఏళ్లు.

నల్లగొండ_బేస్:

అందరికి చేతులెత్తి దండం. ఇంత రాస్తరని అనుకోలే. జడ్చర్ల అన్నా, నువ్వు చెప్పినట్టే చేసిన. మొన్న శనివారం చిట్యాల దగ్గర బరాత్. పదహారు దెబ్బలు కోసి లూప్ చేసిన. మా ఓనరన్నకు ముందే చెప్పిన, ఒక్కసారి చూద్దాం అన్నడు.

మొదటి నిమిషం మల్ల హాలియ లెక్కనే అయితదని భయమైంది. నా దిక్కు చూసిన్రు కొంతమంది. మార్చలే. చేతులు చెమటలు పట్టినయ్. రెండో నిమిషంల బేస్ తీసిన, ఎనిమిది లెక్కపెట్టిన, ఇడిసిన. పిల్లగాండ్లు ఒక్కసారి కేక పెట్టిన్రు. ముందట పిల్లోళ్ల తరఫు నుంచి డప్పోళ్లు ముగ్గురు వచ్చి ఉండె, మా బండి నడుస్తుంటే వాళ్లు ఎప్పుడు పక్కకు నిలబడుతరు, మా సౌండ్‌కు వాళ్లది ఇనపడది గాబట్టి. ఈసారి నేను బేస్ తీసినప్పుడు వాళ్లల్ల పెద్దాయన ఆ ఖాళీల దెబ్బ ఏసిండు. మల్ల తీసిన. మల్ల ఏసిండు. నేను సౌండ్ సగానికి తగ్గించిన. మూడు నిమిషాలు అనుకున్నది ఎంతసేపు అయిందో నాకు తెల్వదు. పది గంటలైందని పోలీసోళ్లు వచ్చి బంద్ చెయ్యమన్నరు, చేసినం. బండి ఆగినంక కూడ డప్పోళ్లు ఇంటిదాంక కొట్టుకుంటనే పోయిన్రు, జనం వాళ్ల ఎంబడి పోయిన్రు.

ఆ పెద్దాయన నంబర్ తీసుకున్న. ముగ్గురి దెబ్బ రికార్డు చేసుకుంట అన్న, పైసలు మాట్లాడుకున్నం, పేర్లు ఏస్త అని చెప్పిన. ఆదివారం రమ్మన్నడు. నా దగ్గర ఒక్కటే మైక్ ఉన్నది, పాటలు పాడేది. దానితోని అయితదా?

జడ్చర్ల_సౌండ్:

అయితది. డప్పు మీదికి పెట్టకు, పగులుతది. రెండు గజాల దూరంల, నడుము ఎత్తుల పెట్టు. ముగ్గురిని అర్ధచంద్రం లెక్క నిలబెట్టు, గట్టిగ కొట్టేటాయన్ని జర ఎనుకకు. రేకుల షెడ్డుల వద్దు, చెట్టు కింద మంచిది. మైక్ గెయిన్, అంటే లోపలికి తీసుకునే సౌండ్, తక్కువ పెట్టుకో, చిర్ర దెబ్బకు ఎర్ర లైట్ ఎలగొద్దు. పొద్దుగాలనే పో, డప్పులు మంట మీద కాపి శ్రుతికి తెచ్చేదాంక ఆగు, తొందరపెట్టకు. చల్లారితే గొంతు దిగుతది, నడుమ నడుమ మల్ల కాపనియ్యి. మొదటి దెబ్బ నుంచి ఆఖరి దెబ్బదాంక ఆపకుండ రికార్డు చెయ్యి. కోసుడు ఇంటికొచ్చినంక.

నేను ఆదివారం ఖాళీనే. చిట్యాల దాంక బస్సుకు వస్త, నా దగ్గర ఇంకో రెండు మైకులున్నయ్, పట్టుకొస్త. దేవరకొండ తమ్మి, మీ నాయనకు వీలైతే తాత డప్పు పట్టుకొని రమ్మను.